ఆ పిల్లకి మూడు గడియలున్నాయి

మా నిస్సహాయ జన సంరక్షణ విభాగం నడిపే వసతి గృహాల్లో ఏ తలుపుకూ లోపలివైపు గడియ ఉండరాదని ఒక ఉత్తర్వు ఉంది. కారణం కూడా అందులోనే రాశారు: "ఆకస్మిక తనిఖీకి విచ్చేయు సిబ్బందికి ఎట్టి ఆటంకమూ కలుగరాదు." ఉత్తర్వు అందిన మర్నాడే నేను స్క్రూడ్రైవరు పట్టుకుని చూపులేని మహిళల వసతి గృహానికి వెళ్ళాను. వీధి తలుపు, నాలుగు గదులు, స్నానాల గది. ఆరు గడియలు, ముప్ఫై ఆరు స్క్రూలు. ఒక్కటీ తప్పిపోకుండా అట్టపెట్టెలో సర్ది, పైన నంబరు వేసి, ఆఫీసులో నా బల్ల కింద పెట్టాను. అప్పటినుంచి రెండేళ్ళపాటు దానిమీదే కాళ్ళు పెట్టుకున్నాను. నా కుర్చీకి సరిగ్గా సరిపోయే ఎత్తు.

నా పేరు దానియేలు. జూనియర్ అసిస్టెంటుని. మా నాన్న ఉప్పు మడుల్లో కూలి. మా ఇంటిపేరున్నవాళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అందుకని అచ్చులో కనిపించిన ప్రతి మాటా నాకోసమే రాశారని నమ్మేవాణ్ణి. ఉద్యోగం వచ్చిన రోజున మా నాన్న నా తలమీద చెయ్యిపెట్టి, "రాసింది రాసినట్టు చెయ్యి నాయనా. చదవటం రాకనేగదా మేం ఉప్పులో నానింది" అన్నాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని నేను చాలా దూరం వెళ్ళాను. ఎంత దూరమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తనిఖీ నిబంధనల పుస్తకంలో ఏడో నిబంధన ఇలా ఉంటుంది: "తనిఖీదారు తన రాకను ముందుగా గాని, వచ్చిన పిమ్మట గాని తెలియపరచరాదు. నివాసితుల దైనందిన జీవనమునకు మాటలచేత గాని, చప్పుడుచేత గాని భంగము కలిగించరాదు." నెలకు మూడుసార్లు వెళ్ళాలి. నేను మధ్యాహ్నం భోజనమయ్యాక, రెండున్నరకి వెళ్ళేవాణ్ణి. అన్నం తినగానే నాకు పన్నుపోటు మొదలయ్యేది కనక బుగ్గలో ఒక లవంగం పెట్టుకునేవాణ్ణి. చప్పుడు కాకుండా బూట్లు గుమ్మం బయటే విప్పేవాణ్ణి. ఇది నిబంధనల్లో లేదు, మా అమ్మ నేర్పిన సభ్యత.

తనిఖీ ప్రపత్రంలో, అంటే నేను నింపి పంపాల్సిన ఫారంలో, ఇరవై నాలుగు గడులు. "నివాసితుల సంఖ్య" దగ్గర నేను ఊరికే తొమ్మిది అని రాసేసేవాణ్ణి కాదు. ఒక్కొక్కరి మంచం దగ్గరా నిలబడి, ఊపిరి ఆడుతోందని నిర్ధారించుకుని, పెన్ను నొక్కి టిక్కు పెట్టేవాణ్ణి. పదిహేడో గడి "స్నానాల గదిలో నీటి సౌకర్యం". ఆడవాళ్ళ స్నానాల గది తలుపు తోయడం మర్యాద కాదు. అందుకని బయట నిలబడి, లోపల నీళ్ళ చప్పుడు వినిపించేదాకా ఆగేవాణ్ణి. ఒక్కోసారి పావుగంట పట్టేది. వినపడగానే "ఉంది" అని రాసి వచ్చేసేవాణ్ణి.

రెండేళ్ళలో డెబ్భై రెండు తనిఖీలు. "ఏ ఒక్క నివాసితకూ ఎట్టి అసౌకర్యమూ కలుగలేదు" అని డెబ్భై రెండుసార్లు రాసి సంతకం పెట్టాను.

డెబ్భై మూడో తనిఖీకి ముందు ఒక ఉదయం శేషారత్నం గారు ఆఫీసుకొచ్చారు. ఆవిడకి యాభై దాటాయి. ఆ వసతి గృహంలో అందరికంటే పెద్దది, మిగతావాళ్ళకి పేముతో కుర్చీలల్లడం నేర్పింది ఆవిడే. ఆవిడ భుజంమీద చెయ్యివేసుకుని కెజియా వచ్చింది. ఆ అమ్మాయికి ఇరవై మూడు, బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. నేను లేచి కుర్చీలు వేశాను.

"దానియేలు బాబేనా?" అన్నారు శేషారత్నం గారు. "ఒక అర్జీ రాయాల నాయనా. నేను చెప్తా, నువ్వు రాయి."

"చెప్పండమ్మా."

"మా ఇంట్లోకి ఎవురో మగమనిషి వస్తన్నాడు."

నా చెయ్యి ఆగిపోయింది. "దొంగా అమ్మా?"

"దొంగయితే ఏదో ఒకటి పట్టుకుపోయేవాడు. ఈడు ఏం తీసకపోడు. అదే మా భయం."

కెజియా అందుకుంది. "కాళ్ళకి చెప్పులుండవు సార్. మాట్టాడడు. మంచాలకాడ నిలబడతాడు. ఒక్కొక్కళ్ళ కాడా నిలబడి మా ఊపిరి వింటాడు. నిద్రపోతన్నట్టు పడుకుని, దుప్పటికింద వణకతా ఉంటాం. టిక్కుమని ఏదో నొక్కి, పక్క మంచం కాడికి పోతాడు."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు. నెలకి మూడుసార్లు."

"సుమారుగా మూడా?"

"లెక్కగా మూడే. నాలుగోసారి రాడు, రెండుసార్లకి ఆగడు."

నేను రాసుకున్నాను: "నిందితుడు క్రమశిక్షణ గలవాడిగా కనిపించుచున్నాడు."

"నడిస్తే కుడికాలి మడమ చిటుక్కుమంటది," అన్నారు శేషారత్నం గారు. "దగ్గరికొస్తే లవంగం వాసన. ఇయ్యన్నీ ఒకెత్తు, స్నానాలగది ఇంకో ఎత్తు నాయనా. తలుపు బయట నిలబడతాడు. ఎవురన్నా నీళ్ళు పోసుకుందాకా కదలడు. చెంబు ముంచిన చప్పుడవగానే పోతాడు. ఇప్పుడు ఒకళ్ళు నీళ్ళు పోసుకుంటంటే ఇద్దరం తలుపు పట్టుకుని నిలబడతన్నాం. పట్టుకున్న ఇద్దరికీ ఆ పూట స్నానం ఉండదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి నీచుడు మా జిల్లాలో తిరుగుతున్నందుకు సిగ్గుపడ్డాను. వాడు దొరికితే మెడ పట్టుకుని నేనే స్టేషనుకి ఈడుస్తానని ఆవిడకి మాటిచ్చాను. ఆ ఉదయం నా పన్ను బాగానే ఉంది. కాళ్ళకి బూట్లున్నాయి. నా కుడి మడమ చిన్నప్పుడు ఉప్పు గట్టుమీద జారి విరిగి సరిగా అతుక్కోలేదని నాకు తెలుసు గాని, దానికీ దీనికీ ముడిపెట్టమని ఏ ఉత్తర్వులోనూ లేదు.

"ఏం కావాలమ్మా మీకు?"

"గడియ. ఆరూ వద్దులే. స్నానాలగదికి ఒక్కటి బిగించు చాలు. నువ్వు ఇప్పుకపోయినయ్యే ఎక్కడో ఉంటయిగదా?"

నేను బల్లకింద కాళ్ళు కొంచెం సర్దుకుని, "ఉన్నాయమ్మా, భద్రంగా ఉన్నాయి" అన్నాను.

అర్జీని మా సూపరింటెండెంటు మస్తాన్‌వలి గారు చదివారు. రిటైర్మెంటుకి ఏడాది దూరంలో ఉన్న మనిషి. చదివి, కళ్ళజోడు తీసి, నావైపు కాసేపు చూశారు. "లవంగం అంటన్నారేందయ్యా" అన్నారు. "అవును సార్, దుర్మార్గుడు" అన్నాను. ఆయన ఫైలు లోపలికి పంపారు.

మా ఉపసంచాలకులు శ్రీ చిలకపాటి సత్యవిజయరావు గారు అర్జీని రెండు వేళ్ళతో పట్టుకుని చదివారు.

"గడియ అనేది పరిష్కారం కాదు, దానియేల్. అది ఒక మనస్తత్వం," అన్నారు. "గడియ వేసుకున్న మనిషి ముప్పుని బయట పెడుతుంది. మనం ముప్పు పట్ల అవగాహనని లోపల పెట్టాలి. ఈ సర్క్యులరు చూశావా?"

చూశాను. ఆ వారమే వచ్చింది. "ముప్పు అవగాహన వారోత్సవం." నిస్సహాయులకు తమ నిస్సహాయత పట్ల తగినంత స్పృహ లేదని, ఆ స్పృహ కలిగించుటకు ప్రతి వసతి గృహంలోనూ ఒక ఉత్తమ సస్పెన్స్ చలనచిత్రం ప్రదర్శించాలని అందులో ఉంది. చిత్రం కూడా వాళ్ళే ఎంపిక చేశారు. "నీలాద్రి బంగళా" అనే పాత నలుపు తెలుపు సినిమా. ప్రదర్శనకు ముందూ తర్వాతా నివాసితుల భయాన్ని సున్నా నుంచి పది వరకు కొలిచి, తొమ్మిదో నంబరు ప్రపత్రంలో నింపి పంపాలి. రక్షణ కోరుతూ వచ్చే ఏ అర్జీకైనా ఆ ప్రపత్రం జతచేస్తే తప్ప పరిశీలించరాదు.

"సార్, వాళ్ళు చూపులేనివాళ్ళు," అన్నాను.

"సర్క్యులరులో మినహాయింపు ఉందా?"

"లేదు సార్."

మస్తాన్‌వలి గారు పక్కనుంచి, "ఆళ్ళు ఇప్పటికే భయపడతన్నారు గదండీ" అన్నారు.

"అది వ్యక్తిగత భయం, మస్తాన్‌వలి గారూ. మనకు కావలసింది విభాగపరమైన భయం," అన్నారు ఉపసంచాలకులు. నాకు ఆ మాట చాలా లోతుగా తోచింది. నోటుబుక్కులో రాసుకున్నాను.

మర్నాడు భయం కొలవడానికి వెళ్ళాను. ఉదయం పూట, బూట్లతో, తలుపు తట్టి. అది తనిఖీ కాదు కదా. తొమ్మిదిమందీ పది అని చెప్పారు. కెజియా పన్నెండు వేసుకోమంది, గడి లేదన్నాను.

ఆ ప్రపత్రం చూసి ఉపసంచాలకులు తల పట్టుకున్నారు. "ముందే పది ఉంటే సినిమా చూశాక ఎంతకి పెరుగుతుంది? జిల్లా మొత్తం వృద్ధి సున్నా అవుతుంది. వెళ్ళి సరిచేయించు."

మళ్ళీ వెళ్ళాను. పేము చుట్టల మధ్య కూర్చుని తొమ్మిదిమందీ కుర్చీలు అల్లుతున్నారు. విషయం చెప్పాను.

"అంటే మా భయం తగ్గించుకోమంటన్నారా, తగ్గినట్టు చెప్పమంటన్నారా?" అని కెజియా అడిగింది.

"రెండోదమ్మా. మొదటిది వారోత్సవం తర్వాత చూస్తారు."

"మా భయం కూడా మీ దగ్గర్నించి మంజూరవ్వాలన్నమాట."

"ఊరుకోయే," అన్నారు శేషారత్నం గారు, చేతిలో అల్లిక ఆపకుండా. "రెండేసుకో నాయనా. గడియ వస్తదంటే సున్నా ఏసుకో. వస్తదా మరి?"

"ప్రపత్రం జతచేస్తే పరిశీలిస్తారమ్మా."

"పరిశీలన కాదు. గడియ."

రెండు అని తొమ్మిదిసార్లు రాశాను.

ఇక సినిమా. చూపులేని ప్రేక్షకుల కోసం తెరమీద జరిగేది ఎవరైనా చదివి వినిపించాలి. ఆ "దృశ్య వివరణ" సమర్థ అధికారి ఆమోదం పొంది ఉండాలి. ఆ బాధ్యత నామీద పడింది. నేను సినిమాని పదకొండుసార్లు చూశాను. మొదటి మూడుసార్లూ వీపుమీద చెమటలు పట్టాయి. కొండమీద ఒంటరి బంగళా. విషజ్వరంతో మాట పోయిన మాలతి అనే అమ్మాయి. ఆమెని చంపడానికి తిరుగుతున్న ఎవడో ఒకడు. ఆమెకి కాపలాగా వచ్చి బంగళా చుట్టూ తిరిగే పోలీసు అధికారి. చివరికి ఆ కాపలా వచ్చినవాడే హంతకుడని తేలుతుంది. పదకొండోసారి చూసినప్పుడు కూడా నాకు ఆ మలుపు నమ్మశక్యంగా అనిపించలేదు. రక్షించడానికి ఉత్తర్వు మీద వచ్చినవాడు, తాను చేసేదేమిటో తనకి తెలియదా?

నాకు వచ్చిన రాత ఒక్కటే, ఆఫీసు రాత. దాంట్లోనే నలభై రెండు పేజీలు రాశాను. ఉపసంచాలకులు ఎర్ర సిరాతో దిద్దారు. "హంతకుడు" అన్న ప్రతిచోటా కొట్టేసి, "నేరము రుజువు కాలేదు. సంబంధిత వ్యక్తి అని రాయవలెను" అన్నారు. మాలతి "భయంతో వణికిపోయింది" అంటే, "అతిశయోక్తి. భయము నమోదైనది అని చాలును" అన్నారు. పాట వచ్చేచోట నా అంతట నేనే, "ఈ మధ్యలో ఒక పాట కలదు. దానికి ప్రస్తుత హత్యాయత్నముతో సంబంధము లేదు" అని రాస్తే, పక్కన "బాగుంది" అని రాశారు. జీవితంలో నా రాతకి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. ఇంటికి తీసుకెళ్ళి మా నాన్నకి చూపించాను. ఆయన ఆ ఎర్ర అక్షరాల్ని వేలితో తడిమి, "ఎంత బాగా రాశాడో" అన్నాడు. ఆయనకి చదవడం రాదు.

ప్రదర్శన వసతి గృహం భోజనాల హాల్లో, మధ్యాహ్నం రెండున్నరకి. కిటికీలకి నల్లగుడ్డలు కట్టించాం. ప్రేక్షకులకి చూపు లేకపోయినా హాలు చీకటిగా ఉండి తీరాలని సర్క్యులరులో ఉంది. తొమ్మిదిమందీ చేతుల్లో అల్లుతున్న పనితోనే వచ్చి కూర్చున్నారు. వెనక కుర్చీలో ఉపసంచాలకులు, ఆయన ఒళ్ళో ప్రపత్రాలు. మస్తాన్‌వలి గారు తలుపు దగ్గర.

నేను అప్పుడే అన్నం తినొచ్చాను. పన్ను మొదలైంది. బుగ్గలో లవంగం పెట్టుకున్నాను. సినిమాకి భంగం కలగకూడదని బూట్లు విప్పి, తెర పక్కన చేరి, కాగితాలు పట్టుకుని మొదలుపెట్టాను.

"ఇందుమూలముగా సమస్త ప్రేక్షకులకు తెలియజేయునది ఏమనగా, నీలాద్రి బంగళా యందు నివసించు కుమారి మాలతి, వయస్సు సుమారు ఇరువది రెండు సంవత్సరములు, మాట కోల్పోయియున్నది. ఆమెకు ముప్పు పొంచియున్నట్లు నేపథ్య సంగీతము ద్వారా తెలియవచ్చుచున్నది."

"ఏమైందంట?" అని ఎవరో అడిగారు.

"మూగపిల్లంట. ఎవుడో చంపటానికొస్తన్నాడంట," అని కెజియా తెలుగులోకి చెప్పింది.

"సంబంధిత వ్యక్తి కిటికీ వద్దకు చేరుకొని, సంబంధిత కత్తిని వెలికితీయడమైనది. కుమారి మాలతి కేకవేయుటకు ప్రయత్నించి విఫలమైనదని విచారముతో తెలియజేయడమైనది."

నేను చాలా బాగా చదువుతున్నాననే అనుకున్నాను. ముందువరసలో ఒకావిడ ఆవులించింది. ఉపసంచాలకులు ప్రపత్రం చూసుకుని దగ్గారు. నేను గొంతు పెంచాను.

"అంతట కుమారి మాలతి గదిలోనికి పరుగెత్తి, తలుపు మూసి, కింది గడియ వేయడమైనది. మధ్య గడియ వేయడమైనది. పై గడియ కూడా..."

"ఆగు నాయనా," అన్నారు శేషారత్నం గారు. పేము అల్లుతున్న చేతులన్నీ ఆగాయి. "ఎన్ని గడియలు?"

"మూడమ్మా."

"ఒక్క తలుపుకేనా?"

"ఒక్క తలుపుకే."

ఆవిడ వెనక్కి తిరిగి మిగతావాళ్ళతో, "ఆ పిల్లకి మూడు గడియలున్నాయంట" అన్నారు. చీకట్లో ఎవరో ఫక్కున నవ్వారు. "ఇంకేం భయమే ఆ పిల్లకి?" అంది ఒకావిడ. "మహారాణి!" అంది ఇంకొకావిడ.

"ప్రశ్నలు చివర్లో!" అని ఉపసంచాలకులు వెనకనుంచి గద్దించారు. "ప్రస్తుతం దయచేసి భయపడండి."

సినిమా చివరి ఘట్టానికి వచ్చింది. కాపలా అధికారి టోపీ తీసి పక్కన పెడతాడు. సంగీతం ఆగిపోతుంది. తెరమీద రెండు నిమిషాలపాటు ఒక్క చప్పుడు ఉండదు. అక్షరాలు సరిగా కనపడక నేను తెర వెలుతురు కోసం కాగితాలతో నాలుగడుగులు ముందుకి, ప్రేక్షకుల మధ్యలోకి వచ్చాను. కుడి మడమ చిటుక్కుమంది.

"సంబంధిత వ్యక్తి పాదరక్షలు విడిచి, చప్పుడు చేయక, ఆమె మంచము వద్ద నిలబడి, ఆమె ఊపిరిని ఆలకించుచున్నాడు."

పేజీ అయిపోయింది. అయిపోయిన పేజీకి టిక్కు పెట్టడం అలవాటు. పెన్ను నొక్కాను. టిక్.

ఒక్కసారిగా హాలు నిశ్శబ్దమైపోయింది. సినిమాలో కంటే ఎక్కువ నిశ్శబ్దం. కెజియా గాలి పీల్చిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"లవంగం," అంది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆఫీసు భాషలో చెప్పాలంటే, తొమ్మిదిమంది నివాసితులు కేకలు వేయడమైనది. మాలతి అరవలేకపోయిన అరుపులన్నీ ఆ తొమ్మిదిమందీ అరిచారు. ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. ఎవరో కాళ్ళు పట్టి లాగారు. నానబెట్టిన పేము బద్దలు వీపుమీద పడ్డాయి. పేము తడిగా ఉన్నప్పుడు ఎలా వంగుతుందో నాకు అప్పుడు తెలిసింది. "ఈడే! ఈడే!" అని కెజియా అరుస్తోంది. వెనకనుంచి ఉపసంచాలకుల గొంతు ఆనందంతో పలికింది: "అద్భుతం! పది! అందరికీ పది వేసుకోండి!"

"అమ్మా, నేను! దానియేలుని!" అని అరిచాను.

దెబ్బలు ఆగాయి. ఒక అరచెయ్యి నా మొహంమీదికి వచ్చింది. పేము అల్లి అల్లి కాయలు కాచిన చెయ్యి. నుదురు, ముక్కు, లవంగం ఉన్న బుగ్గ తడిమింది.

"నువ్వా?" అన్నారు శేషారత్నం గారు.

"తనిఖీ అమ్మా. నెలకి మూడు. ఆకస్మికం." ఇది చెబుతుండగానే, ఆవిడ నాచేత రాయించిన అర్జీ మొదటి వాక్యం నుంచి చివరిదాకా నా కళ్ళముందు కదిలింది. చేతిరాత నాదే.

"స్నానాలగది కాడ?"

"పదిహేడో గడి. నీటి సౌకర్యం."

తెరమీద మాలతిని ఎవరో రక్షిస్తున్నారు. చదివి వినిపించేవాడు లేక అది ఎవరికీ తెలియలేదు.

"రెండేళ్ళు నాయనా," అన్నారు ఆవిడ మెల్లగా. "గుమ్మంలో నిలబడి ఒక్కసారి 'అమ్మా, నేను' అంటే పోయేదిగదా."

"అనకూడదని ఉందమ్మా."

"ఎక్కడుంది?"

"ఏడో నిబంధనలో."

"చదూకున్నోడివి గదయ్యా," అన్నారావిడ. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. నేను చదువుకున్నాను కాబట్టే అని చెప్పడానికి నోరు రాలేదు.

వారంలో నివేదిక తయారైంది. భయం రెండు నుంచి పదికి పెరిగి, మా జిల్లా ప్రథమ స్థానంలో నిలిచింది. ముప్పు పాత్రను సహజంగా పోషించినందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మా నమూనాను అన్ని జిల్లాలకూ విస్తరిస్తూ పైనుంచి కొత్త సర్క్యులరు వచ్చింది: ఇకపై తనిఖీలు నెలకు అయిదు, తనిఖీదారు పాదరక్షలు లేకుండా వెళ్ళవలెను, లవంగము వెంట ఉంచుకొనవలెను.

గడియ అర్జీ సంగతి అడిగాను.

"ఇంకెక్కడి అర్జీ?" అన్నారు ఉపసంచాలకులు. "ప్రవేశించినది అధికారిక సిబ్బంది అని విచారణలో తేలింది కదా. అనగా అనధికార ప్రవేశం జరగలేదు. అనగా ముప్పు లేదు. ఫైలు మూసేశాం. వాళ్ళు సంతోషించాలి."

"వాళ్ళు ఇప్పటికీ ఇద్దరు తలుపు పట్టుకుంటున్నారు సార్."

"అలవాటు," అన్నారాయన.

నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను. కాళ్ళు పెట్టె మీద పెట్టబోయి, పెట్టలేకపోయాను. గాలిలో వేలాడుతున్న కాళ్ళతో రెండురోజులు పనిచేశాను. మూడోరోజు మధ్యాహ్నం కొత్త సర్క్యులరు ప్రకారం మొదటి తనిఖీ. పెట్టె ఎత్తి చంకలో పెట్టుకున్నాను.

"ఏందయ్యా అది?" అన్నారు మస్తాన్‌వలి గారు.

"ఆస్తుల భౌతిక పరిశీలన సార్. ఎక్కడ ఉండాల్సిన వస్తువు అక్కడ ఉందో లేదో చూడాలి కదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడం అయ్యేదాకా మళ్ళీ పెట్టుకోలేదు. "స్క్రూడ్రైవరు నా సొరుగులో ఉంది. నాకు దూరపుచూపు ఆనదు, నేనేం చూళ్ళా," అన్నారు.

వసతి గృహం గుమ్మంలో బూట్లు విప్పలేదు. రెండేళ్ళలో మొదటిసారి గొంతు సవరించుకుని, వీధి వీధంతా వినపడేలా, "అమ్మా! నేను! దానియేలుని!" అన్నాను. లోపల గబగబా అడుగుల చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

"చేతిలో ఏందది? ఏదో గలగలమంటంది," అని కెజియా గొంతు.

"ముప్ఫై ఆరు స్క్రూలు."

స్నానాల గదితో మొదలుపెట్టాను. శేషారత్నం గారు పక్కన నిలబడి, నేను బిగించిన ప్రతి స్క్రూనీ వేలితో తడిమి చూశారు. "ఇది ఒదులుంది", "ఇది వంకర పోయింది" అని నాలుగింటిని మళ్ళీ తీయించారు. నేను చేసిన పనిని అంత శ్రద్ధగా పరిశీలించినవాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు. చివరిది వీధి తలుపు. అది బిగించి, ఉత్సాహంగా నాలుగుసార్లు వేసి తీసి చూపించాను.

"అయిందా?" అన్నారావిడ.

"అయిందమ్మా."

"అయితే బయటికి నడువు."

నడిచాను. నా వెనక తలుపు పడింది. గడియ పడిన చప్పుడు. ఆ తర్వాత లోపల ఒక్కొక్క గడియే, వేస్తూ తీస్తూ, తీస్తూ వేస్తూ, తొమ్మిదిమందీ వంతులవారీగా. ఎవరో నవ్వుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, తనిఖీ ఇంకా చేయలేదని. తలుపు తట్టాను.

"ఎవురు?" అంది కెజియా, నేనెవరో తెలియనట్టు.

"దానియేలునమ్మా. తనిఖీకి."

"స్నానాలవుతున్నయ్. కూర్చో."

మెట్టుమీద కూర్చుని ప్రపత్రం తీశాను. లోపల చెంబు బకెట్లో మునిగింది. ఎవరూ తొందరపడడం లేదు. ఒకరి తర్వాత ఒకరు తీరిగ్గా, తలనిండా పోసుకుంటున్నారు. మధ్యలో ఎవరో కూనిరాగం తీశారు. తొమ్మిది స్నానాలూ అయ్యేసరికి అయిదైంది. పదిహేడో గడిలో "ఉంది" అని రాశాను. చివర ఉన్న "రిమార్కులు" గడి రెండేళ్ళుగా ఖాళీగానే పంపేవాణ్ణి. ఈసారి నింపి, సంతకం పెట్టాను:

"తనిఖీదారుకు ఆటంకము కలిగినది. సంతృప్తికరము."